పునాదిలో ఉక్కు: కామారెడ్డి–ఎల్లారెడ్డి నేల చెప్పే విశేషాలు

కామారెడ్డిలో ఇల్లు మొదలుపెట్టినవాళ్ళ మాటల్లో పిల్లర్ గుంతలు, మొరం, బండ, జేసీబీ గంటల కిరాయి దొర్లుతుంటాయి. హెచ్-పైల్, పైప్ పైల్, షీట్ పైల్, స్క్రూ పైల్ అన్న పేర్లు మాత్రం అంతగా వినిపించవు. అందుకు కారణం ఊరి కిందే ఉంది. ఉక్కు పైల్స్‌లో ఏది మేలు అని అడిగితే సగం జవాబు ఉక్కులో, మిగతా సగం నేలలో దొరుకుతుంది. ఆ రెండు సగాలనూ కలిపే కొన్ని విశేషాలు ఇవి.

బోరు బిల్లులో నేల జాతకం

ఎల్లారెడ్డి వైపు పొలంలో బోరు వేయించిన రైతును పక్క రైతు తప్పక అడిగే మాట: "కేసింగ్ ఎన్ని ఫీట్లు పడ్డది?" బోరు బండి పైమట్టి, మొరం, పగుళ్ళ రాయి దాటి గట్టి బండ తగిలేదాకానే కేసింగ్ గొట్టం దించుతుంది. అక్కడి నుంచి రాయి కూలదు కాబట్టి గొట్టంతో పనిలేదు. అంటే బిల్లులో కేసింగ్ కింద రాసిన ఫీట్లే ఆ చోట బండ ఎంత లోతులో ఉందో సుమారుగా చెప్పేస్తాయి. 20 ఫీట్లు పడితే బండ దాదాపు ఆరు మీటర్లలో దొరికినట్టే. ఇంజినీరు చేయించే మట్టి పరీక్షకు ఇది బదులు కాదు. పరీక్ష చేయించేముందు చుట్టుపక్కల నాలుగు బోరు బిల్లులు చూస్తే మాత్రం కింద ఏం రాబోతోందో ముందే ఒక అంచనా వస్తుంది.

నాలుగు రకాలు, నాలుగు పనులు

ఉక్కు పైల్ అంటే భూమిలోకి నిలువునా దింపే ఉక్కు కడ్డీ, గొట్టం లేదా పలక. హెచ్-పైల్ సన్నగా మట్టిని చీల్చుకుంటూ పోయి గట్టి పొర మీద నిలబడుతుంది. పైప్ పైల్ గుండ్రటి గొట్టం. నీటిలో, లోతైన మట్టిలో, పక్కనుంచి నెట్టే బలాలున్న చోట దానిదే పైచేయి. షీట్ పైల్స్ ఒకదాని అంచు మరొకదానిలో ఇరుక్కుని గోడ కడతాయి. వాటి ముఖ్యమైన పని బరువు మోయడం కాదు, మట్టినీ నీటినీ ఆపడం. స్క్రూ పైల్ చివర మరలాంటి రెక్క ఉంటుంది; దాన్ని సుత్తితో కొట్టరు, తిప్పి దింపుతారు. ఈ నాలుగింటినీ ఒకే తక్కెడలో తూచి ఫలానాది గొప్పదని చెప్పడం కుదరదు.

సన్నటి కాలు, 120 టన్నుల బరువు

హెచ్-పైల్స్ అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ కంపెనీ తయారీతో 20వ శతాబ్దం మొదటి దశకంలో వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు బాగా వాడే ఒక సైజు మీటరుకు 110 కిలోలు తూగుతుంది. దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే ఉక్కు సుమారు 140 చదరపు సెంటీమీటర్లే, ఒక పోస్టుకార్డు అంత. మామూలు నిర్మాణపు ఉక్కు బలంలో మూడో వంతునే లెక్కలోకి తీసుకున్నా ఆ కాస్త ఉక్కు దాదాపు 120 టన్నులు మోయగలదు. అయితే ఆ బరువును కింద అందుకునే గట్టి రాయి ఉండాలి. మెత్తటి బంకమట్టిలో ఆగిపోయిన హెచ్-పైల్‌కు ఉక్కు బలమెంత ఉన్నా లాభం లేదు.

బండ ఉందిగా, మరి హెచ్-పైల్ ఎందుకు వాడరు?

కామారెడ్డి కింద గ్రానైటు జాతి రాయి ఉంది కదా, హెచ్-పైల్‌కు అంతకంటే మంచి చోటేది అనిపిస్తుంది. చిక్కల్లా బండ మరీ పైనే ఉండటం. మూడు నాలుగు మీటర్లలో రాయి తగిలేచోట పైల్ కొట్టే యంత్రాన్ని తెప్పించడం కన్నా గుంత తవ్వి బండ మీదే ఫుటింగ్ వేసుకోవడం చవక. ఇంకో చిక్కు బండ పైముఖం. అది బల్లపరుపుగా ఉండదు, ఒక గుంతకూ పక్క గుంతకూ మధ్యే ఏటవాలుగా జారుతుంది. నిలువుగా దిగుతున్న పైల్ మొన ఆ వాలుకు తగిలి పక్కకు జారిపోవచ్చు, వంగిపోవచ్చు. అందుకే రాతి మీదకు దింపే హెచ్-పైల్స్ మొనకు గట్టి ఉక్కు షూ తొడుగుతారు. మట్టిలో పెద్ద పెద్ద గుండ్లు దాగి ఉంటే అది కూడా చాలదు. గుండు తగిలి ఆగిన పైల్ బండ మీద ఆగినట్టే మోసం చేస్తుంది.

పది మీటర్లకు ఎంత ఉక్కు?

మన దగ్గర ఉక్కు పైల్స్ కంటే కాంక్రీటు పైల్స్ ఎందుకు ఎక్కువో చిన్న లెక్కతో తేలిపోతుంది. పది మీటర్ల హెచ్-పైల్‌కు పైన చెప్పిన సైజులో 1.1 టన్నుల ఉక్కు పడుతుంది. 600 మిల్లీమీటర్ల వ్యాసం, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టమైతే మీటరుకు 174 కిలోలు, పది మీటర్లకు 1.74 టన్నులు. అదే 600 మిల్లీమీటర్ల వ్యాసంతో బోరు తీసి కాంక్రీటు పోసే పైల్‌లో నిలువు సలాకలు కనీసం 0.4 శాతం ఉంటే చాలు. అంటే మీటరుకు దాదాపు 9 కిలోలు. రింగుల బరువు కలిపినా ఉక్కు గొట్టంలో పదో వంతును దాటడం కష్టం. మిగతాదంతా కంకర, ఇసుక, సిమెంటు. కూలి, కాంక్రీటు మనకు దగ్గర్లో దొరుకుతాయి. పెద్ద సైజు ఉక్కు దూరం నుంచి రావాలి.

కోడ్ పుస్తకంలో కనిపించని అధ్యాయం

మన దేశంలో పైల్ పునాదుల ప్రమాణం ఐఎస్ 2911. అందులో ఒక భాగం కాంక్రీటు పైల్స్‌కు, ఒకటి కలప పైల్స్‌కు, ఒకటి కింద గుండ్రంగా ఉబ్బిన అండర్-రీమ్డ్ పైల్స్‌కు, ఒకటి బరువు పరీక్షకు కేటాయించారు. కలపకు చోటు దొరికిన ఆ వరసలో ఉక్కు పైల్‌కు విడిగా భాగం లేదు. షీట్ పైల్ సైజులకు మాత్రం ఐఎస్ 2314 అని వేరే ప్రమాణం ఉంది. మన ఇంజినీర్ల అలవాటు ఏ వైపు మొగ్గిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

పక్కింటి గోడకు ఏ పైల్ మంచిది?

కింద మూసిన 600 మిల్లీమీటర్ల గొట్టాన్ని పది మీటర్లు దింపితే దాదాపు 2.8 ఘనమీటర్ల మట్టి పక్కకు జరగాలి. అదే లోతుకు హెచ్-పైల్ జరిపేది 0.14 ఘనమీటరే, ఇరవయ్యో వంతు. పక్కకు జరిగిన మట్టి ఊరుకోదు. చుట్టూ నేల ఉబ్బుతుంది, పక్క పైల్ కాస్త పైకి లేస్తుంది, దగ్గరున్న పాత గోడ బీటలిస్తుంది. వదులు ఇసుకలో మాత్రం ఇదే మేలు చేస్తుంది, పక్కకు నెట్టుకుంటూ ఇసుకను గట్టిపరుస్తుంది. కామారెడ్డి పాత బజారు లాంటి ఇరుకు వీధుల్లో సుత్తి దెబ్బల అదురు మరో తలనొప్పి. అక్కడ అసలు కొట్టకుండా పని జరిగే పద్ధతే నయం.

బోరు బండి చేసే పునాది

కొట్టకుండా జరిగే ఆ పద్ధతుల్లో ఒకటి మైక్రోపైల్. 1950లలో ఇటలీలో ఫెర్నాండో లిజ్జి అనే ఇంజినీరు పాత కట్టడాల పునాదులను బలపరచడానికి దీన్ని తీర్చిదిద్దాడు. సాధారణంగా 300 మిల్లీమీటర్లకు మించని సన్నటి బోరు తీసి, అందులో ఉక్కు గొట్టమో కడ్డీయో దించి, చుట్టూ సిమెంటు పాలు ఎక్కిస్తారు. బరువులో ఎక్కువ భాగం ఉక్కే మోస్తుంది. సిమెంటు దాన్ని రాతికి అతికిస్తుంది. మన పొలాల్లో బోర్లు వేసే బండికి ఉండే రాయి కొట్టే హ్యామర్ లాంటిదే ఇక్కడా పనిచేస్తుంది. బండ దగ్గరగా ఉండి, చోటు ఇరుకుగా ఉండి, పాత కట్టడం కుంగుతున్నప్పుడు ఉక్కు పైల్స్ కుటుంబంలో ఈ ప్రాంతానికి బాగా పొసిగేది ఇదే.

చూపులేని ఇంజినీరు తిప్పిన మర

స్క్రూ పైల్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ మిచెల్ ఐర్లండ్ దేశస్థుడు. 1780లో పుట్టాడు. ఇరవైల్లోనే పూర్తిగా చూపు పోయింది. బెల్‌ఫాస్ట్‌లో ఇటుకల వ్యాపారం చేస్తూ, ఇసుక, బురద ఉన్న సముద్రపు అడుగున ఓడలను, దీపస్తంభాలను ఎలా నిలపాలా అని ఆలోచించాడు. 1833లో పేటెంటు తీసుకున్నాడు. 1838లో థేమ్స్ నది ముఖద్వారం దగ్గర మాప్లిన్ శాండ్స్ దీపస్తంభం కోసం అతని మరపైల్స్‌ను ఇసుకలోకి దించారు. మనుషులు చుట్టూ తిరుగుతూ పెద్ద చక్రాన్ని తోస్తే పైల్ దిగేది. ఇప్పుడు అదే పని జేసీబీ తరహా యంత్రానికి తగిలించిన హైడ్రాలిక్ మోటారు చేస్తోంది. తిప్పడానికి ఎంత బలం పట్టిందో చూసి, పైల్ ఎంత మోయగలదో అక్కడికక్కడే అంచనా కట్టవచ్చు. కొట్టి దింపే పైల్స్‌లో ఆ అంచనా ఒక్కో దెబ్బకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్న లెక్క మీద ఆధారపడుతుంది.

మద్రాసు తీరంలో నిలిచింది, నర్మదలో ఓడింది

అప్పట్లో కోస్తా, రాయలసీమ తెలుగు జిల్లాలకు రాజధానిగా ఉన్న మద్రాసులో 1861 నాటికి స్క్రూ పైల్స్ మీద నిలిచిన ఇనుప పియర్ వచ్చింది. అంతకుముందు సరుకు, మనుషులు అలల మధ్య మసూలా పడవల్లో ఒడ్డుకు చేరాల్సి వచ్చేది. అదే రకం పైల్స్ మీద భరూచ్ దగ్గర నర్మదకు కట్టిన రైలు వంతెన కథ వేరు. వరదలు దాన్ని పదేపదే దెబ్బతీశాయి, 1876 వరదలో పెద్ద భాగం కొట్టుకుపోయింది. చివరికి 1881లో ఇప్పుడు గోల్డెన్ బ్రిడ్జ్ అని పిలిచే వంతెన తెరుచుకుంది. పైల్ ఎంత మోస్తుందన్నది ఒక పరీక్ష; నది దాని చుట్టూ ఉన్న మట్టిని ఊడ్చుకుపోతే నిలుస్తుందా అన్నది ఇంకో పరీక్ష.

సోలార్ పలకలకు పునాది కిందికి కాదు, పైకి

తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు ఉక్కు పైల్‌ను కళ్ళారా చూడాలంటే సోలార్ ప్లాంటుకు వెళ్ళాలి. వరసగా నిలిచిన జింకు పూత ఉక్కు స్తంభాల్లో చాలాచోట్ల కింద కాంక్రీటు ఉండదు. సన్నటి సి-ఆకారపు ఉక్కును నేరుగా నేలలోకి దింపేస్తారు, లేదా స్క్రూ పైల్ తిప్పుతారు. సోలార్ పలక బరువు తక్కువే. ఈదురుగాలి దాన్ని పైకి లేపకుండా పట్టుకోవడమే స్తంభం చేయాల్సిన అసలు పని. అందుకే అక్కడ పైల్‌ను తొక్కి కాకుండా పైకి లాగి పరీక్షిస్తారు. గట్టి మొరం వచ్చినచోట ముందుగా బోరు తీసి ఆపైన స్తంభం దింపక తప్పదు.

జుక్కల్, మద్నూర్ రేగడిలో గుండ్రటి ఉబ్బు

కామారెడ్డి జిల్లా అంతా చలక, బండ అనుకుంటే పొరపాటు. మహారాష్ట్ర సరిహద్దు వైపు జుక్కల్, మద్నూర్ ప్రాంతాల్లో నల్లరేగడి ఉంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైపైన వేసిన పునాదిని ఏడాదికోసారి లేపి దించుతుంది. దీనికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన మందు అండర్-రీమ్డ్ పైల్. అడుగున బోరును గుండ్రంగా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. ఆ ఉబ్బు సాధారణంగా పైల్ వ్యాసానికి రెండున్నర రెట్లు ఉంటుంది. తేమ మార్పులు చేరని లోతులో ఆ ఉబ్బు కొక్కెంలా పట్టుకుంటుంది. స్క్రూ పైల్ రెక్క చేసేది కూడా అదే పని. ఒకటి కాంక్రీటు, ఒకటి ఉక్కు, సూత్రం ఒక్కటే.

అంచులు పెనవేసుకునే పలకలు

షీట్ పైల్‌కు ఇప్పటి రూపం ఇచ్చినవాడు ట్రిగ్వే లార్సెన్, జర్మనీలోని బ్రెమెన్‌లో ప్రభుత్వ ఇంజినీరు. 1902లో యు-ఆకారపు పలకల అంచులకు కొక్కేలు అమర్చి వరసగా దింపాడు. ఈ పలకలకు ఉన్న మంచి గుణం పని అయ్యాక పీకి ఇంకోచోట వాడుకోవచ్చు. వాగులో వంతెన స్తంభం కట్టాలంటే చుట్టూ షీట్ పైల్స్ దింపి, లోపలి నీళ్ళు తోడి, పొడినేలలో పనిచేసుకోవచ్చు. ఇసుక, బురద ఉన్నచోట ఇవి సులువుగా దిగుతాయి. బండ మీద మాత్రం దిగవు. గుండ్రాళ్ళు తగిలితే అంచు తెరుచుకుని గోడలో సందు పడుతుంది.

మంజీర నీళ్ళు వెళ్ళే దారిలో మేడిగడ్డ

ఎల్లారెడ్డి పక్కగా పారే మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అదే గోదావరి మీద దిగువన మేడిగడ్డ బ్యారేజీ ఉంది. 2023 అక్టోబరు 21న దాని ఏడో బ్లాకులో స్తంభాలు కుంగాయి. అక్కడ అడుగున నీటిని ఆపడానికి వాడినవి ఉక్కు షీట్ పైల్స్ కావు, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునేలా పోసిన కాంక్రీటు సీకెంట్ పైల్స్. పునాది కింద ఇసుక నీటితోపాటు కదిలిపోవడాన్ని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ కారణాల్లో ఒకటిగా చూపింది. 2024 వానాకాలానికి ముందు చేసిన తాత్కాలిక రక్షణ పనుల్లో షీట్ పైల్స్‌కు చోటు దొరికింది. ఇసుక మీద కట్టే బ్యారేజీకి పైనున్న బరువు కంటే కిందుగా జారే నీరే పెద్ద శత్రువు.

పైల్ లేకుండా వందేళ్ళు

ఎల్లారెడ్డి నుంచి మెదక్ పోయే దారిలో నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ప్రాజెక్టు 1922లో పూర్తయింది. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్‌ను 1923–31 మధ్య కట్టారు. దాని రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు జూలై 11ని తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటుంది. రెండూ రాతికట్టడాలు, రాతి మీద నిలిచినవి. 2025 ఆగస్టు వరదలో పోచారం మత్తడి భీకరంగా దుంకినా వందేళ్ళ కట్టడం నిలబడింది.

పట్టా గాల్లో వేలాడిన రోజు

2025 ఆగస్టు 27న రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. భిక్కనూరు–తలమడ్ల మధ్య రైలు కట్ట మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. కామారెడ్డి–ఎల్లారెడ్డి దారిలో లింగంపేట వైపు వంతెనల దగ్గర రోడ్డు తెగి రాకపోకలు ఆగాయి. ఇలాంటి చోట్ల వరద మొదట గురిపెట్టేది వంతెన కాళ్ళ మొదట్లో ఉన్న మట్టిని, వంతెనకు ఆనిన మట్టికట్టను. ఇంజినీర్లు దీన్నే కోత అంటారు. భారత నీటిపారుదల శాఖలో పనిచేసిన గెరాల్డ్ లేసీ సూత్రంతో సగటు కోత లోతు లెక్కకట్టి, నదీస్తంభం దగ్గర దాన్ని రెండింతలుగా, ఒడ్డు గోడ దగ్గర 1.27 రెట్లుగా తీసుకోవాలని మన రోడ్డు వంతెనల నియమాలు చెబుతాయి. పునాది ఆ లోతుకంటే ఇంకా కిందికి పోవాలి, లేదా బండలో దిగాలి. పైల్ ఏ రకమైనా ఈ లెక్క తప్పదు.

మూడు మీటర్ల గొట్టం, 120 మీటర్ల లోతు

బండ అందనిచోట ఏం చేస్తారో చూడాలంటే బంగ్లాదేశ్ పోవాలి. 2022 జూన్‌లో తెరిచిన పద్మా వంతెన కింద మూడు మీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గొట్టాలున్నాయి. కొన్నిటిని 120 మీటర్ల లోతుకు, ఏటవాలుగా దింపారు. ఒక్కో నదీస్తంభం కింద ఆరు లేదా ఏడు. వరదలో నది అడుగే చాలా లోతుకు కోసుకుపోతుంది కాబట్టి అంతలోతు తప్పలేదు. మన దగ్గర కోనసీమ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రవ్వ లాంటి చమురు క్షేత్రాల్లో ప్లాట్‌ఫారాలను అడుగుకు బిగించేది కూడా ఉక్కు గొట్టాలే. పై చివర తెరిచే ఉంటుంది, కింది చివరా తెరిచే ఉంటుంది; దిగేకొద్దీ లోపల మట్టి బిగుసుకుని బిరడాలా అడ్డం పడుతుంది. రాజమండ్రిలో 1900లో తెరిచిన హావ్‌లాక్ వంతెన కాలానికి ఇంత పెద్ద గొట్టాలు లేవు. అప్పటి ఇంజినీర్లు బావి పునాదులు దించారు.

తుప్పు భయం ఎంత?

భూమిలో పెట్టిన ఇనుము తుప్పు పట్టిపోదా అని అందరికీ అనుమానం. 1962లో అమెరికా ప్రమాణాల సంస్థకు చెందిన మెల్విన్ రొమనాఫ్ ఎన్నో ఏళ్ళు భూమిలో ఉన్న ఉక్కు పైల్స్‌ను పరిశీలించి, కదలని సహజ మట్టిలో తుప్పు చాలా తక్కువని తేల్చాడు. అక్కడ ప్రాణవాయువు అందదు. యూరప్ ప్రమాణం లెక్కలో అలాంటి మట్టిలో వందేళ్ళకు ఒక్కో ముఖం నుంచి పోయేది 1.2 మిల్లీమీటర్లు. సముద్రపు అలలు తగిలేచోట అదే కాలానికి 7.5 మిల్లీమీటర్లు. తవ్వి మళ్ళీ పూడ్చిన మట్టి, బూడిద, చెత్త కలిసిన నేల మాత్రం నమ్మదగ్గవి కావు.

63.5 కిలోల సుత్తి ఏం చెబుతుంది?

మట్టి పరీక్షలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగడాన్ని వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. పదిలోపు వస్తే వదులు నేల. యాభై కొట్టినా దిగకపోతే ఇక సుత్తితో పనిలేదు, రాతిని కోసి ముక్క బయటికి తీయాలి. ఉక్కు పైల్‌ను కొట్టి దింపగలమా లేదా అన్నది ఈ అంకెలే ముందుగా చెబుతాయి.

కాంట్రాక్టరును అడగాల్సిన మూడు ప్రశ్నలు

మొదటిది, బండ ఎంత లోతులో ఉంది, దాని ముఖం ఎటు వాలింది? దగ్గరైతే ఫుటింగ్, కాస్త లోతైతే బోరు తీసిన కాంక్రీటు పైల్, పాత కట్టడానికైతే మైక్రోపైల్. రెండోది, కట్టడం నేలను తొక్కుతుందా, గాలికి పైకి లేవాలని చూస్తుందా? పైకి లేచేదైతే స్క్రూ పైల్‌ను లెక్కలోకి తీసుకోవాలి. మూడోది, వాగు పొంగితే ఈ మట్టి ఎంత లోతు దాకా పోతుంది? మొదటి రెండిటికీ జవాబు చెప్పి మూడోదాన్ని దాటవేసే కాంట్రాక్టరుకు లింగంపేట వాగు మీద పని అప్పగించకూడదు.